మారవలసింది ఎవరు? – ‘కన్యాశుల్కం’ చివరి రంగం

మన పరిషత్తు నాటికల్లో చివరి అయిదు నిమిషాలకు ఒక స్థిరమైన రూపం ఏర్పడిపోయింది. తాగుబోతు తండ్రి సీసా విసిరికొడతాడు. కట్నం కోసం పీడించిన మామగారు కోడలి ముందు కూలబడి ఏడుస్తాడు. వడ్డీ వ్యాపారి ప్రోనోట్లు చింపి పోగులు పెడతాడు. వెనక నుంచి వయొలిన్, పైనుంచి నీలం లైటు, తెర. న్యాయనిర్ణేతలు ‘సందేశం ఉంది’ అని రాసుకుంటారు. నలభై నిమిషాలపాటు దుర్మార్గుడిగా ఉన్నవాడు ఒక్క సంభాషణతో సన్మార్గుడు కావడం సాధ్యమా అని అడిగితే, నాటిక నిడివి అంతే కదా అని సమాధానం వస్తుంది. నిడివి పెంచితే సమస్య తీరుతుందా? మూడు గంటల నాటకం రాసినా ఆ మార్పును నమ్మించలేనివాళ్ళు చాలామంది ఉన్నారు. లోపం గడియారంలో లేదు.

ఈ ప్రశ్నమీద మన సాహిత్యరంగంలో రెండు వైఖరులు చాలాకాలంగా ఉన్నాయి. మనిషి మూలతః మంచివాడు, సరైన సమయంలో సరైన మాట చెవినబడితే హృదయ పరివర్తన జరుగుతుంది అనేది ఒకటి. వర్గస్వభావం మారదు, భూస్వామి భూస్వామిగానే చస్తాడు, కనుక రంగస్థలం మీద దుష్టపాత్రను మార్చడం ప్రజలను మోసం చెయ్యడమే అనేది రెండవది. రెండవ వాదన మన శిబిరంలోనిదే. అందులో బలం లేకపోలేదు. 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో వినోబా అడగగానే ఒక భూస్వామి నూరెకరాలు దానమిచ్చాడు. ఆ ఒక్క మనిషి చిత్తశుద్ధిని శంకించనక్కరలేదు. కాని ఆ మాట పుట్టిన నేలమీద అప్పటికి అయిదేళ్ళుగా తెలంగాణా సాయుధ పోరాటం నడుస్తున్నది. ఆ అయిదేళ్ళను మినహాయించి పోచంపల్లిని హృదయ పరివర్తనకు ఉదాహరణగా చూపేవాళ్ళు నాటకంలో నాలుగు అంకాలు చింపేసి అయిదో అంకం మాత్రమే చదువుతున్నారన్నమాట.

అయితే రెండవ వైఖరిని యాంత్రికంగా అన్వయించేవాళ్ళు నాటకానికి చేసే అపకారం కూడా తక్కువది కాదు. పాత్ర మొదటి రంగంలో ఎలా ఉందో చివరి రంగంలోనూ అలాగే ఉంటుందని ముందే తెలిసిపోయాక ప్రేక్షకుడు చూడవలసిందేముంది? ఎర్ర కండువావాడు మంచివాడు, కిర్రు చెప్పులవాడు చెడ్డవాడు. ఇద్దరూ ఎదురుపడతారు, ఒకరు గెలుస్తారు. కోడిపందేనికి, నాటకానికి భేదం ఉండాలి.

అసలు ఈ రెండు వైఖరులూ ఒకే ప్రశ్న వేస్తున్నాయి. దోషి మారతాడా, మారడా? ఒకరు ఔనంటారు, ఒకరు కాదంటారు. దోషి ఎవరన్న విషయంలో మాత్రం ఇద్దరికీ పేచీ లేదు. తాగుబోతు, వేశ్య, లోభి, జూదరి, షావుకారు: ఈ జాబితా ఇద్దరిదీ ఒకటే. జాబితాలో ఎవరు లేరన్నది ఎవరూ అడగరు. గురజాడ అడిగాడని నా ఉద్దేశం. అందుకే ‘కన్యాశుల్కం’ చివరి రంగాన్ని మరోసారి చదవవలసి ఉంది.

దానికి ముందు పాత నాటకాలను రెండింటిని తలచుకోవడం మంచిది. పాత్రల్లో మార్పు అనేది పాశ్చాత్య నాటకంతో మనకు వచ్చిందని కొందరు విద్యార్థులు పరీక్ష పత్రాల్లో రాస్తున్నారు. శూద్రకుడి ‘మృచ్ఛకటికం’ చదివితే ఆ మాట రాయరు. అందులో ముగ్గురు దోషులున్నారు. సంవాహకుడు జూదరి. వసంతసేన తన ఆభరణమిచ్చి అతని అప్పు తీరుస్తుంది. అతను జూదం మాని భిక్షువవుతాడు. ఆ భిక్షువే తరువాత కొన ఊపిరితో ఉన్న వసంతసేనను బతికిస్తాడు. శర్విలకుడు దొంగ. ప్రియురాలు మదనికను దాస్యం నుంచి విడిపించుకోవడానికి చారుదత్తుడి ఇంటికి కన్నం వేస్తాడు. మదనిక విడుదలయ్యాక అతనికి దొంగతనంతో పని లేదు. ఖైదులో ఉన్న ఆర్యకుణ్ణి విడిపించడానికి, రాజును కూలదోసే కుట్రలో కలవడానికి పరుగెడతాడు. ఇక శకారుడు. రాజుగారి బావమరిది. వసంతసేన గొంతు నులిమి ఆ నేరం చారుదత్తుడి మీదికి నెడతాడు. చివర చారుదత్తుడు అతణ్ణి క్షమించి వదిలేస్తాడు. శకారుడు మాత్రం వెంట్రుకవాసి మారడు. శూద్రకుడు ఎవర్ని మార్చాడో, ఎవర్ని మార్చలేదో చూడండి. అప్పుల పాలైనవాడు మారాడు, ప్రేమకోసం దొంగ అయినవాడు మారాడు. అధికారం అండగా ఉన్నవాడు మారలేదు, ఆ అండ పోయాక ప్రాణభయంతో కాళ్ళు పట్టుకున్నాడంతే. మారినవాళ్ళకు కూడా ఎవరో ఉపన్యాసం చెయ్యలేదు. ఒకడి అప్పు తీరింది, ఒకడి ప్రియురాలికి స్వేచ్ఛ వచ్చింది. దోషానికి ఆధారమైన పరిస్థితిని కదిలిస్తే మనిషి కదిలాడు. వర్గం అనే మాట పుట్టకముందు రాసిన నాటకం అది.

రెండవది కాళ్ళకూరి నారాయణరావుగారి ‘చింతామణి’. మన రంగస్థలం మీద ‘పరివర్తన’ అనగానే గుర్తొచ్చేది ఇదే. తుఫాను రాత్రి శవాన్ని తెప్పగా, పామును తాడుగా భ్రమించి వేశ్య ఇంటికి చేరిన బిల్వమంగళుడు ఆమె మందలింపుతో విరక్తుడై లీలాశుకుడవుతాడు. చింతామణీ భక్తురాలవుతుంది. పద్యాలు గొప్పవి. కాని ఈ మార్పులో ఒక వెసులుబాటు ఉంది. మోహం చింతామణి మీద నుంచి కృష్ణుడి మీదికి మళ్ళింది. వేశ్యావృత్తి, దాన్ని పోషించిన పెద్దమనుషుల ఇళ్ళు, వాళ్ళ భార్యల బతుకులు ఉన్నచోటనే ఉన్నాయి. ఊళ్ళలో ఈ నాటకం చూసినవాళ్ళకు తెలుసు. జనం రాత్రంతా కూచున్నది బిల్వమంగళుడి వైరాగ్యం కోసం కాదు, సుబ్బిశెట్టి హాస్యం కోసం. ప్రదర్శనకీ ప్రదర్శనకీ ఆ హాస్యం పెరిగి పెరిగి బూతు స్థాయికి దిగింది. ఒక కులాన్ని కించపరుస్తున్నదన్న అభ్యంతరంతో 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రదర్శననే నిషేధించింది. నిషేధం మంచిచెడ్డలు వేరే వ్యాసానికి సంబంధించినవి. వేశ్యాలోలత్వాన్ని ఖండించడానికి పుట్టిన నాటకం చివరకు వేశ్య ఇంటి హాస్యానికే బతకడం మాత్రం మన ప్రశ్నకు సంబంధించినదే. మార్పు ఆకాశం నుంచి దిగితే నేలమీద కూచున్న ప్రేక్షకుడికి దానితో పని ఉండదు.

ఇక ‘కన్యాశుల్కం’. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడారు. 1897లో మొదటి కూర్పు అచ్చయింది. దాదాపు కొత్త నాటకమన్నంతగా తిరగరాసిన రెండవ కూర్పు 1909లో వచ్చింది. మనం చదివేది, ఆడేది రెండవదాన్నే. మొదటి కూర్పును 1969లో బంగోరె వెలికితీసి అచ్చువేయించిన తరువాత రెంటినీ పక్కపక్కన పెట్టి చూడడం సాధ్యమయింది. మొదటిదాంట్లో మధురవాణికి ఇంత చోటు లేదు. మధ్య పన్నెండేళ్ళలో రచయిత దృష్టిలో ఏదో జరిగింది. దాని జాడలు చివరి రంగంలోనే ఎక్కువ కనిపిస్తాయి.

దోషుల విషయానికి వద్దాం. ఈ నాటకంలో వాళ్ళకు కొదవ లేదు. అయితే వాళ్ళ దోషం వాళ్ళ సొంత సొత్తు కాదని గురజాడ మొదటి కూర్పు ఇంగ్లీషు పీఠికలోనే లెక్కలతో చెప్పాడు. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో నమోదయిన ఇలాంటి పెళ్ళిళ్ళు 1034. వాటిలో ఏడాది వయసు పిల్లల పెళ్ళిళ్ళు కూడా 3 ఉన్నాయి. అంటే అగ్నిహోత్రావధాన్లు వింత జంతువేమీ కాదు. వెయ్యిన్నీ చిల్లరమంది తండ్రుల్లో ఒకడు. లుబ్ధావధాన్లు ఆ సంతలో కొనుగోలుదారు.

అగ్నిహోత్రావధాన్లు మారడు. పెద్దకూతురు బుచ్చమ్మ వైధవ్యం కళ్ళెదుట తిరుగుతున్నా, ఇల్లాలు ప్రాణం తీసుకోబోయినా, చిన్నకూతురు సుబ్బిని పద్దెనిమిది వందలకు ముసలివాడికి కట్టబెట్టే సంకల్పం అతను వదలడు. సుబ్బి బతికిపోయింది తండ్రి మనసు కరగడంవల్ల కాదు. కరటకశాస్త్రి ఆడిన నాటకంవల్ల, మధురవాణి పన్నిన పన్నాగంవల్ల, శిష్యుడు చీర కట్టుకోవడంవల్ల. ఇది గమనించదగ్గది. గురజాడకు సుబ్బి ప్రాణం ముఖ్యం, అవధాన్లు ఆత్మశుద్ధి తరువాతి సంగతి. మన నాటికల్లో వరస తిరగబడింది. తండ్రి తాగుడు మానాలంటే పాప చావాలి. దోషిని మార్చడానికి ఒక నిర్దోషిని బలిపెట్టడం రచయితలకు ఎంత తేలికైపోయిందో! ఆ శవం మీద నిలబడి తండ్రి చేసే ప్రతిజ్ఞకు మనం చప్పట్లు కొడుతున్నాం.

రామప్పంతులు సంగతి చెప్పనే అక్కరలేదు. దొంగసాక్ష్యం, దొంగకాగితం, కంటె తగాదా, అతనికి అవే ఊపిరి. లుబ్ధావధాన్లు కొంత మారతాడు. పెళ్ళికూతురు మాయమై, ఖూనీ కేసు మెడకు చుట్టుకుని, ఉరితాడు కళ్ళముందు ఊగాక పెళ్ళి తలంపు చాలించుకుంటాడు. ఇది భయమా, మార్పా? రెండూ అంటాను. భయం వల్ల వచ్చిన మార్పు మార్పు కాదనే శుద్ధవాదులు చట్టాలన్నిటినీ రద్దు చేయించాలి. బాల్యవివాహాలు తగ్గింది జనమంతా శాస్త్రాలు చదివి పునరాలోచన చేసినందువల్లనే కాదు గదా. అయితే గురజాడ ఈ ముసలివాడి చేత పశ్చాత్తాప ప్రసంగం చేయించలేదు. దెబ్బతిన్న మనిషి ఎంత మాట్లాడగలడో అంతే మాట్లాడించాడు.

గిరీశం దగ్గర వాదం జటిలమవుతుంది. కొందరు విమర్శకులు బుచ్చమ్మ సాంగత్యంలో గిరీశం హృదయం కొంత మెత్తబడిందనీ, అతనికి అవకాశం ఇస్తే బాగుపడేవాడనీ వాదిస్తారు. ప్రేక్షకులకూ అతనంటే ఇష్టమే. జె.వి. రమణమూర్తి వంటి నటుడు దశాబ్దాలపాటు ఆ పాత్ర ధరిస్తే ఇష్టపడనివాడెవడు? కాని గిరీశం బతుకుతెరువు ఏమిటో చూడాలి. మాట. పూటకూళ్ళమ్మ దగ్గర ఒక మాట, మధురవాణి దగ్గర ఒకటి, శిష్యుడు వెంకటేశానికి ఒకటి, అగ్రహారంలో అవధాన్లకు ఒకటి. సంఘసంస్కరణ అతని సరుకుల్లో కొత్త సరుకు, గిరాకీ ఉన్న సరుకు. వితంతు వివాహం అంటే అతనికి రూపసి అయిన భార్య, సంస్కర్త అన్న పేరు, సౌజన్యారావు పంతులు వంటి వకీలు ప్రాపకం. పశ్చాత్తాపం అనేది మాటల్లోనే వ్యక్తమవుతుంది. మాటే వ్యాపారమైనవాడు పశ్చాత్తాపపడితే దాన్ని దేనితో తూచాలి? గిరీశం చేత చివర కన్నీళ్ళు పెట్టించి ఉంటే అది అతని నూటొకటో వేషమయ్యేది. గురజాడ ఆ పని చెయ్యలేదు. గుట్టు బయటపడ్డాక అతనికి కలిగేది సిగ్గు కాదు, పథకం చెడిందన్న చికాకు మాత్రమే. అతని నోటి ఆఖరి మాట ఎందరికో కంఠతా వచ్చు. అందులో చిత్తశుద్ధి లేశం లేదు. అందుకే అది నాటకం మొత్తం మీద అతను పలికిన అతి నిజాయితీ గల మాట.

మధురవాణి మారిందా? ‘పతిత ఉద్ధరింపబడింది’ అని రాసే పద్ధతి మన పాఠ్యపుస్తక విమర్శలో ఇంకా పోలేదు. నాటకంలో దానికి ఆధారం లేదు. మొదటి అంకంలో గిరీశాన్ని ఆటపట్టించేటప్పుడే ఆమెకు మనుషులను తూచే తక్కెడ ఉంది. ముక్కూ మొహం ఎరగని సుబ్బి కోసం కరటకశాస్త్రికి చేయి కలిపినప్పుడే కరుణ ఉంది. పంతులు ఇంట్లో ఉంటూనే పంతులు ఎత్తులను చిత్తు చేసే నేర్పు ఉంది. చివరి రంగానికి వచ్చేసరికి ఆమెకు కొత్తగా చేకూరిన గుణమేదీ లేదు. ఉన్న గుణాలు కనబడే చోటు ఆమెకు దొరికింది. అంతవరకు ఆ తెలివి విటుల ముచ్చట్లకు ఖర్చయింది. ఇప్పుడు ఒక మనిషి మెడమీది ఉరిని తప్పించడానికి పనికొచ్చింది.

మరి ఆ గదిలో మారవలసింది ఎవరు?

సౌజన్యారావు పంతులు మచ్చలేని మనిషి. ముసలివాడి మీద పడ్డ అభాండాన్ని తప్పించడానికి నిస్వార్థంగా శ్రమిస్తున్నాడు. వితంతువుల పక్షపాతి. వేశ్యాసంపర్కాన్ని ఖండించే ఉద్యమంలో ఉన్నాడు. 1890ల్లో మద్రాసు రాజధానిలో భోగం మేళాలను బహిష్కరించే ఉద్యమం బలంగా సాగింది, మన ప్రాంతంలో వీరేశలింగంగారు దానికి అండ. మేళాలు పెట్టిన పెళ్ళిళ్ళకు వెళ్ళకపోవడం, ఆ స్త్రీలను గడప తొక్కనివ్వకపోవడం సంస్కర్తలకు నియమాలు. పంతులు ఆ నియమాన్ని అక్షరాలా పాటిస్తాడు. ఇంతవరకు ఆయన్ని దోషుల జాబితాలో వేసే సాహసం ఎవరికీ రాదు.

అందువల్లనే మధురవాణి మగవేషంలో రావలసి వచ్చింది. ఈ వేషాన్ని హాస్యం కోసం పెట్టిన చమత్కారంగా తీసుకుని నటీమణులు మీసం దువ్వి నవ్విస్తూ ఉంటారు. నవ్వించడం తప్పు కాదు. అయితే ఆ వేషం చేసే పని వేరు. తలపాగా ఉన్నంతసేపు పంతులు మర్యాదగా కూర్చోబెట్టి మాట్లాడతాడు, వాదిస్తాడు, వింటాడు. అదే మనిషి, అదే గొంతు, అదే తెలివి. తలపాగా తీసేసరికి ఆయనకు ఇల్లు మైలపడుతుంది. రెండు నిమిషాల్లో ఆమెలో ఏం మారింది? ఏమీ లేదు. దోషం ఆయన చూపులో ఉందని గురజాడ ఒక్క ముక్క వ్యాఖ్యానం లేకుండా బట్టలతోనే చెప్పాడు. సుబ్బిని రక్షించడానికి మగపిల్లవాడికి చీర కట్టిన నాటకమే, ఇప్పుడు ఒక పెద్దమనిషికి కళ్ళు తెరిపించడానికి ఆడదానికి తలపాగా చుట్టింది.

తరువాత బేరం. లుబ్ధావధాన్లను విడిపించే రహస్యం ఆమె దగ్గర ఉంది. దానికి ఫీజుగా ఆమె అడిగేది ఒక ముద్దు. ఇది శృంగార ఘట్టమని భ్రమపడేవాళ్ళు, పంతుల పాతివ్రత్యానికి పరీక్ష అని మురిసేవాళ్ళు ఇద్దరూ దారి తప్పుతున్నారు. ఒక నిరపరాధి ప్రాణం ఒకవైపు, తన నియమం ఒకవైపు. ఆ క్షణం వరకు పంతులుకు సంస్కరణ ఖర్చులేని సద్గుణం. ఊరి కన్యాశుల్కం ఆపడంలో ఆయన వదులుకోవలసిందేమీ లేదు, మేళం లేని పెళ్ళికి వెళ్ళడం వల్ల పోయేదీ లేదు. మొదటిసారి మరొకరి మేలుకు తన పరిశుద్ధిని మూల్యంగా చెల్లించవలసి వచ్చింది. ఆయన తటపటాయిస్తాడు. ఆ తటపటాయింపే ఈ నాటకంలో అసలైన పాత్రపరిణామం. చివరకు ఒప్పుకుంటాడు. ఒప్పుకున్నాక ఆమె వెనక్కి తగ్గుతుంది. చెడనివాణ్ణి చెడగొట్టనని తల్లికి ఇచ్చిన మాట ఆమెకు ఉంది. ఆ గదిలో వ్రతం ఉన్నది తనకొక్కడికే కాదని పంతులుకు అప్పుడు తెలిసింది. గడప తొక్కనివ్వరాదనుకున్న మనిషి తన నియమాన్ని కాపాడి పెట్టింది. గిరీశం అసలు రంగు బయటపెట్టి బుచ్చమ్మనూ కాపాడింది. ఆయన ఇంగ్లీషు చదువు, లోకజ్ఞానం పసిగట్టలేని మోసాన్ని ఆమె ఎంతో ముందుగానే పసిగట్టింది.

దీన్ని మరీ పెద్దది చేసి చెప్పకూడదు. పంతులు ఆమెకు చూపించేది భగవద్గీత. ఆ గీత చెప్పిన దేవుడికి వేశ్యలంటే అసహ్యం ఉంటుందా అన్న అర్థం వచ్చే ఆమె ప్రశ్నలో వెటకారం ఎంతో, వేదన ఎంతో తేల్చడం కష్టం. ఆమె రేపటి నుంచి ఎలా బతకాలో ఆయన దగ్గర జవాబు లేదు. బుచ్చమ్మకు పూనాలోని వితంతువుల ఆశ్రమం ఉంది, మధురవాణికి ఏ ఆశ్రమమూ లేదు. ఇది పంతులు పరిమితి, చాలావరకు ఆ ఉద్యమానిదీ. దేవదాసీ సమర్పణను నిషేధిస్తూ మద్రాసులో చట్టం 1947లో వచ్చింది. దానికోసం పోరాడినవారిలో ఆ కుటుంబంలో పుట్టిన ముత్తులక్ష్మీరెడ్డి ఉన్నారు, నిజమే. కాని వృత్తి పోయిన వేలాది స్త్రీలకు వృత్తి స్థానంలో ఏమిస్తామన్న ఆలోచన చట్టానికి ముందూ తరువాతా కూడా అరకొరగానే జరిగింది. గురజాడ 1909 నాటికే ఈ ఖాళీని చూశాడు. పూరించలేదు. నాటకంలో పూరించడం ఆయన చేతిలో పనీ కాదు. పంతులు మారింది ఒక్క అడుగు. ఆ అడుగు నమ్మదగినది, ఎందుకంటే దాని ధర ఎంతో మనం చూశాం.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. దోషులు మారకుండా సత్పురుషుడు ఒక అడుగు మారితే సంఘానికి ఒరిగేదేమిటి? మన శిబిరంలోని మిత్రులే ఈ మాట అంటారు. నాటకంలో దోషి మారాడా లేదా అన్నదానికంటె చూసినవాడు ఏం గ్రహించాడన్నది ముఖ్యమని బ్రెహ్ట్ వాదం. ‘మదర్ కరేజ్’ 1941లో జ్యూరిచ్‌లో ఆడినప్పుడు, యుద్ధంలో వ్యాపారం చేసి పిల్లలను పోగొట్టుకున్న ఆ తల్లిని చూసి జనం జాలితో కరిగిపోయారు. బ్రెహ్ట్‌కు అది నచ్చలేదు. కొన్ని ఘట్టాలు తిరగరాసి ఆమె వ్యాపారబుద్ధిని మరింత పదును చేశాడు. ఆమె చివరిదాకా ఏమీ నేర్చుకోదు, బండి లాక్కుంటూ మళ్ళీ సైన్యం వెంట పోతుంది. ఈ వాదంతో నాకు పేచీ లేదు. అయితే అది సగమే. ప్రేక్షకుడు ఏం గ్రహించాలన్నప్పుడు, ప్రేక్షకుడు ఎవరు అని కూడా అడగాలి. మన నాటకాలు చూడడానికి వచ్చేవాళ్ళలో గిరీశాలు తక్కువ, లుబ్ధావధాన్లు ఇంకా తక్కువ. ఉపాధ్యాయులు, ఉద్యోగులు, విద్యార్థులు, రచయితలు: తమ పక్షం న్యాయమైనదన్న నిశ్చింత గల మనుషులు. అంటే సౌజన్యారావులు. వాళ్ళ ఎదుట రంగస్థలం మీద తాగుబోతును మార్చి చూపితే వాళ్ళు సంతోషించి ఇంటికి పోతారు. వాళ్ళ నిశ్చింతకు తగిలే రాయి ఏదీ?

తాగుడు సంగతే తీసుకోండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణాన్ని మూయించారు. అక్షరాస్యత తరగతుల్లో మొదలైన మాట ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించక తప్పలేదు. ఆ ఇళ్ళలోని మగవాళ్ళందరికీ హృదయ పరివర్తన జరిగిందా? కొందరికి జరిగి ఉంటుంది. చాలామందికి దుకాణం లేదు, వాకిట్లో పెళ్ళాం చీపురు పట్టుకుని నిలబడింది, అంతే. నిజంగా మారింది అంతవరకు తలొంచుకుని ఉన్న ఆ స్త్రీలు. వాళ్ళకంటె ఎక్కువగా మారవలసి వచ్చింది, వీళ్ళకేం తెలుసని అంతకుముందు అనుకున్న చదువుకున్నవాళ్ళు. ఆ ఉద్యమం మీద వచ్చిన కథలు, పాటలు, నాటికల్లో మొదటివాళ్ళ మార్పు ఉంది. రెండవవాళ్ళ మార్పు రాసినవి ఏరుకోవలసినన్ని.

మన నాటకాల్లో కార్యకర్త మొదటి రంగం నుంచి చివరి రంగం దాకా ఒకే మాట మాట్లాడతాడు. మాస్టారు తెర లేచేసరికే జ్ఞాని. వాళ్ళకు లోపం అంటగడితే ఉద్యమాన్ని కించపరచినట్టవుతుందని రచయితలు భయపడుతున్నారు. ఇంటి గడప దగ్గర కులం అడిగే అభ్యుదయవాది, భార్య సంపాదన తన పేరున జమ చేసుకునే సమానత్వవాది మనకు వ్యంగ్య కథల్లో దొరుకుతారు, అక్కడ వాళ్ళు గిరీశాలు. వాళ్ళు గిరీశాలు కానవసరం లేదు. నిజాయితీపరులై ఉండి కూడా ఆ పని చేసేవాళ్ళున్నారు. ఆ నిజాయితీపరుణ్ణి ఒక మధురవాణి ఎదుట కూర్చోబెట్టడం కష్టమైన రచన. వ్యంగ్యం అక్కడ చాలదు, మందలింపూ చాలదు. అతని మీద మనకున్న గౌరవం చెడకుండానే అతని కుర్చీ కింద నేల కదలాలి. ఆ సమతూకం గురజాడకు 1897లో కుదరలేదు, పన్నెండేళ్ళు పట్టింది.

‘కన్యాశుల్కం’ పూర్తిగా ఆడితే ఒక రాత్రి చాలదు. కుదించక తప్పదు. కుదించేవాళ్ళు సహజంగా గిరీశం ఘట్టాలన్నీ ఉంచుకుని చివరి రంగం దగ్గరకు వచ్చేసరికి కత్తెర తీస్తారు. మధురవాణి తలపాగా తీయడం, పంతులు ఉలికిపాటు, వెంటనే గిరీశం దొరికిపోవడం, తెర. పంతులు తటపటాయింపు కొట్టివేతలో పోతుంది. ప్రయోక్తలను కోరేది ఒకటే. కావాలంటే అగ్రహారంలో నవ్వులు కొంత తగ్గించండి, వెంకటేశం చదువు కొంత తగ్గించండి. ఆ తటపటాయింపును మాత్రం ముట్టుకోవద్దు. నటుడు ఆ రెండు నిమిషాలు మాట లేకుండా నిలబడగలిగితే ఇంకా మంచిది.